సొంత మొమెంటం ఓసిలేటర్ కట్టుకుందాం: ముందు షీట్‌లో, తర్వాత చార్ట్ మీద

మా గుణుపురంలో వంశధారకి వరద వస్తే రేవు మెట్లు లెక్కపెడతారు. మా తాత చీకటి పడ్డాక లాంతరు పట్టుకుని వెళ్లి, నీళ్లు తాకుతున్న మెట్టు పక్కన గోడ మీద ఇటుక ముక్కతో గీత గీసి వచ్చేవాడు, గంట ఆగి మళ్లీ వెళ్లేవాడు. ఎన్నో మెట్టు మునిగిందన్నది ఆయనకి అంత ముఖ్యం కాదు, పోయిన గంటలో ఎన్ని మునిగాయన్నదే లెక్క. మొదటి గంటలో మూడు, తర్వాతి గంటలో రెండు, ఆ తర్వాత అర మెట్టు. "నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి కదా తాతా" అంటే, "ఎక్కుతున్నాయిరా, కానీ జోరు తగ్గింది, నువ్వు పడుకో" అనేవాడు.

మొమెంటం ఓసిలేటర్ చేసే పని సరిగ్గా ఇదే. కొన్ని రోజుల కిందటితో పోలిస్తే షేరు ధర ఎంత జోరుగా కదిలిందో ఒక అంకెలో చెబుతుంది. 1978లో వెల్స్ వైల్డర్ ఇచ్చిన ఆర్‌ఎస్‌ఐ, 1950ల్లో జార్జ్ లేన్ వాడుకలోకి తెచ్చిన స్టొకాస్టిక్, 70ల చివర్లో జెరాల్డ్ యాపెల్ తయారుచేసిన ఎంఏసీడీ, అన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవే. అవన్నీ ఏ యాప్‌లో అయినా ఉచితంగా ఉన్నాయి కదా, మళ్లీ మనం కట్టుకోవడం ఎందుకు అని అడిగేవాళ్ల కోసం నా సంగతి చెబుతాను.

రెండేళ్ల కిందట ఆరు వేలు పెట్టి ఒక ఇండికేటర్ కొన్నాను. పాత చార్ట్ మీద చూస్తే ప్రతి పతనం అడుగున పచ్చ బాణం, ప్రతి శిఖరం మీద ఎర్ర బాణం, ఒక్కటి కూడా తప్పలేదు. లైవ్‌లో పెట్టాక మూడు వారాల్లో నాలుగు సార్లు స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు మించకూడదని ముందే పెట్టుకున్న అమ్మకం ధర) కొట్టింది, అయినా సాయంత్రం చార్ట్ తెరిస్తే బాణాలన్నీ సరైన చోటే ఉన్నాయి! నిద్రపట్టలేదు. మర్నాటి నుంచి ప్రతి పావుగంటకీ ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకున్నాను, కొట్లో బేరం నడుస్తున్నా సరే తీశాను. నాలుగో రోజుకి అర్థమైంది, బాణం అసలు పుట్టేది ఐదు క్యాండిళ్లు (చార్ట్ మీద పావుగంటో, గంటో, రోజో ధర ఎలా కదిలిందో చూపే ఒక్కో కడ్డీ) అయిపోయాక, గీసేది మాత్రం ఐదు క్యాండిళ్లు వెనక్కి. లోపల ఏముందో చూసే వీలు లేదు, కోడ్ దాచిపెట్టారు. ఆ రోజు నుంచి లోపల ఏం జరుగుతుందో నాకు తెలియని గీత మీద ఒక్క రూపాయి కూడా పెట్టలేదు.

కాబట్టి ఇక్కడ కట్టబోయే దాంట్లో ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలిసి ఉంటుంది, ఏ మీట తిప్పితే ఏం మారుతుందో తెలిసి ఉంటుంది. ఇది ఏ షేరు కొనాలో అమ్మాలో చెప్పే సలహా కాదు, పనిముట్టు తయారీ మాత్రమే.

ముందు గూగుల్ షీట్‌లో, చేత్తో

నేరుగా కోడ్‌లోకి దూకకండి. ఒక ఖాళీ షీట్ తెరిచి 'ఏ' (A) కాలమ్‌లో తేదీ, 'బీ' (B) కాలమ్‌లో క్లోజ్ ధర, అంటే ఆ రోజు ముగింపు ధర వేయండి. మొదటి వరుస పేర్లకి వదిలి రెండో వరుస నుంచి ఈ పది అంకెలు వరసగా కొట్టండి, నేర్చుకోడానికి నేను వేసుకున్నవి: 200, 203, 207, 212, 218, 223, 227, 230, 232, 233. చూశారుగా, ఒక్కరోజు కూడా ధర తగ్గలేదు.

ఇప్పుడు మూడు రోజుల మొమెంటం చూద్దాం, అంటే ఇవాళ్టి క్లోజ్ లోంచి మూడు రోజుల కిందటి క్లోజ్ తీసేయడం. నాలుగో రోజు 212 లోంచి 200 పోతే 12. అలా కిందికి లాగితే 12, 15, 16, 15, 12, 9, 6 వస్తాయి. ధర పదో రోజున కూడా కొత్త గరిష్ఠంలోనే ఉంది, కానీ జోరు ఆరో రోజునే శిఖరం తాకి అక్కడి నుంచి దిగుతోంది. మా తాత గోడ మీద గీసిన గీతలు ఇవే.

ఈ రూపాయల లెక్కతో ఒక చిక్కుంది. 2023 జూన్‌లో ఎంఆర్‌ఎఫ్ షేరు లక్ష రూపాయలు దాటింది, అంత ధర ఉన్న షేరుకి ఐదు వందల కదలిక అంటే అర శాతం, అదే వెయ్యి రూపాయల షేరుకి ఐదు వందలంటే సగం. అందుకని శాతంలోకి మార్చాలి. సీ5 గడిలో బీ5 లోంచి బీ2 తీసి, బీ2 తో భాగించి, వందతో గుణించండి. మన అంకెలకి 6.00, 7.39, 7.73, 7.08, 5.50, 4.04, 2.64 రావాలి. రాకపోతే ఎక్కడో వరుస తప్పింది, ముందుకు వెళ్లకుండా ఇక్కడే సరిచేసుకోండి. దీన్నే రేట్ ఆఫ్ ఛేంజ్ అంటారు, మిగతా కట్టడమంతా దీని మీదే.

కదిలించేది ఇవాళ్టి ధరేనా?

ఇది చాలామంది పట్టించుకోని సంగతి, నేను కూడా చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. మొమెంటం లెక్కకి రెండు కొసలు ఉన్నాయి, ఒకటి ఇవాళ, రెండోది అన్ని రోజుల కిందటి ఆ పాత రోజు. ఇవాళ మార్కెట్లో ఏమీ జరగకపోయినా, ఆ పాత కొస ఒక పెద్ద పతనం మీది నుంచి జరిగిందంటే మన గీత ఒక్కసారి ఎగిరిపోతుంది.

2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు గుర్తుందా? ముందు రోజు మూడు శాతం పైగా పెరిగిన నిఫ్టీ ఆ ఒక్కరోజే ఆరు శాతం దాకా పడింది. పది రోజుల మొమెంటం పెట్టుకున్నవాళ్లకి, సరిగ్గా పది సెషన్ల తర్వాత పాత కొస ఆ పల్లంలోకి దిగేసరికి, ఇవాళ ధర కదలకపోయినా రీడింగ్ అమాంతం పైకి పోయింది. అది కొత్త జోరు కాదు, పాత రోజు నీడ.

దీనికి నేను చేసే మందు తేలికే. పాత కొసలో ఒక్క రోజు క్లోజ్ కాకుండా దాని ముందు వెనక రోజులు కలిపి మూడింటి సగటు తీసుకుంటాను. తొమ్మిది రోజుల మొమెంటం అయితే 8, 9, 10 రోజుల కిందటి ధరల సగటు. ఒక్క పిచ్చి రోజు ప్రభావం మూడు భాగాలై, ఒక్కసారిగా కాకుండా మెల్లగా లోపలికి వచ్చి మెల్లగా బయటికి పోతుంది. అలాగే ఇవాళ్టి కొసలో ఉత్త క్లోజ్ బదులు హై (ఆ రోజు గరిష్ఠ ధర), లో (కనిష్ఠ ధర), క్లోజ్ మూడింటి సగటు పెట్టుకోవచ్చు, చివరి పది నిమిషాల్లో లాగిన ధరలకి మోసపోవడం కొంత తగ్గుతుంది.

అన్ని షేర్లకీ ఒకే కొలబద్ద

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మొత్తం ఇండికేటర్‌కి ప్రాణం ఇదే.

శాతంలోకి మార్చినంత మాత్రాన షేర్లు సమానం అయిపోవు. తొమ్మిది రోజుల్లో ఐదు శాతం అంటే నిదానంగా నడిచే పెద్ద సబ్బుల కంపెనీకి పెద్ద పరుగు, ఎగిరెగిరి పడే ఒక చిన్న లోహం షేరుకి మామూలు వారం. రెండింటికీ ఒకే గీత దగ్గర 'ఇక్కడ ఎక్కువైంది' అని రాసుకుంటే ఒకదానికి సిగ్నల్ రాదు, ఇంకోదానికి రోజూ వస్తుంది. అందుకని ఆ షేరు తన సహజంలో ఎంత ఊగుతుందో దానితో భాగించాలి.

ఎలాగంటే, గత వంద రోజుల రోజువారీ శాతం మార్పులు తీసుకుని వాటి స్టాండర్డ్ డీవియేషన్, అంటే అవి తమ సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదురుతాయో చెప్పే అంకె కట్టండి. అది 1.5 శాతం వచ్చిందనుకుందాం. రోజుకి అంత ఊగే షేరు తొమ్మిది రోజుల్లో తొమ్మిదింతలు, అంటే 13.5 శాతం ఊగుతుందని అనుకోకూడదు, ఎందుకంటే కొన్ని రోజులు పైకి, కొన్ని రోజులు కిందికి పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే తొమ్మిదితో కాకుండా తొమ్మిది వర్గమూలంతో, అంటే మూడుతో గుణిస్తాం. 1.5 మూళ్లు 4.5. ఆ షేరు తొమ్మిది రోజుల్లో 9 శాతం పెరిగి ఉంటే 9 ని 4.5 తో భాగిస్తే స్కోరు 2. ఇంకో షేరు రోజుకి 0.8 శాతమే ఊగుతుంది, మూడుతో గుణిస్తే 2.4, అది 4.8 శాతం పెరిగితే దాని స్కోరు కూడా 2. రెండూ తమ తమ స్వభావానికి రెండింతలు పరుగెత్తాయన్నమాట. ఇప్పుడు 2 అన్న గీత ఏ షేరు మీదైనా ఒకే మాట చెబుతుంది.

కొందరు దీని బదులు జెడ్ స్కోరు వాడతారు, అంటే సగటు తీసేసి ఆ తర్వాత భాగిస్తారు. నాకది నచ్చదు. సగటు తీసేసిన క్షణంలో సున్నాకి అర్థం మారిపోతుంది. మన లెక్కలో సున్నా అంటే ధర తొమ్మిది రోజుల కిందట ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది అని, చూడగానే తెలుస్తుంది. జెడ్ స్కోరులో సున్నా అంటే 'ఈ మధ్య సగటు జోరు ఎంతో ఇవాళా అంతే' అని. బాగా పెరుగుతున్న షేరు కాస్త నెమ్మదిస్తే చాలు, ధర ఇంకా పైకే పోతున్నా జెడ్ స్కోరు సున్నా కిందికి దిగిపోయి భయపెడుతుంది.

ఈ వంద రోజుల కిటికీని మరీ చిన్నది చేయకండి. పదిహేను రోజులు పెట్టి చూశాను, పెద్ద పరుగు మొదలవగానే ఆ పరుగే స్టాండర్డ్ డీవియేషన్‌ని కూడా పెంచేస్తుంది, పైన అంకె పెరుగుతుంటే కింద అంకె కూడా పెరిగి స్కోరు ఎదగదు, అసలు చూడాల్సిన పరుగే కనబడదు. యాభై కన్నా తక్కువ వద్దు. అలాగే రోజుల తరబడి ఒకే ధర దగ్గర ఆగిపోయే, లావాదేవీలే లేని షేర్లకి ఈ డీవియేషన్ సున్నా అయి భాగహారం చెడిపోతుంది, కాబట్టి సున్నా వస్తే ఖాళీగా వదిలేయమని ముందే రాసుకోవాలి.

స్కోరు ఒక్కోసారి 4, 5 కూడా దాటుతుంది. ఆర్‌ఎస్‌ఐలాగా రెండు గోడల మధ్య ఉండాలనుకునే వాళ్లకి చిన్న ఉపాయం చెబుతాను. స్కోరు విలువకి గుర్తు తీసేసి ఒకటి కలిపి, ఆ వచ్చిన దానితో స్కోరుని భాగించి వందతో గుణించండి. 1 ఉన్నది 50 అవుతుంది, 2 ఉన్నది 67, 3 ఉన్నది 75, మైనస్ వైపు కూడా అంతే, వంద ఎప్పటికీ దాటదు. నేను మాత్రం గోడలు లేకుండానే వాడతాను, ఎందుకంటే 3 కి 6 కి ఉన్న తేడా నాకు కనబడాలి.

నునుపు చేయడం, దానికి చెల్లించే ధర

పచ్చి గీత రంపంలా ఉంటుంది. దాన్ని నునుపు చేయడానికి ఎస్‌ఎంఏ (గత కొన్ని రోజుల మామూలు సగటు), ఈఎంఏ, డబ్ల్యూఎంఏ (కొత్త రోజులకి ఎక్కువ బరువు ఇచ్చే సగటులు) లాంటివి ఉన్నాయి, ఇష్టమొచ్చినది ఎంచుకునేలా పెట్టుకోవచ్చు. మన పది అంకెల మీద మూడు రోజుల ఈఎంఏ వేసి చూడండి. మూడుకి ఒకటి కలిపి రెండుని దానితో భాగిస్తే 0.5, అంటే ప్రతిరోజూ పాత విలువకీ కొత్త విలువకీ సరిగ్గా మధ్యలో ఉంటాం. 6.00, 6.69, 7.21, 7.14, 6.32, 5.18, 3.91 వస్తాయి.

ఏడో రోజు దగ్గర ఆగండి. పచ్చి గీత 7.73 నుంచి 7.08 కి పడి జోరు తగ్గిందని గట్టిగానే చెప్పింది. నునుపు గీత 7.21 నుంచి 7.14, కంటికి ఆనదు. ఎనిమిదో రోజుకి గాని స్పష్టంగా తెలియలేదు. అంటే మూడు రోజుల నునుపుకే ఒక రోజు ఆలస్యం. పది రోజుల నునుపు వేస్తే గీత చాలా అందంగా వస్తుంది, కానీ వరద పెరట్లోకి వచ్చాక చెబుతుంది. మూడు నుంచి ఐదు మధ్యలో ఉండండి.

ఒక్క మాట, వైల్డర్ ఆర్‌ఎస్‌ఐలో వాడిన సగటు వేరు. ఆయన 14 అంటే మనం వాడే ఈఎంఏ లెక్కలో 27 తో సమానం, అందుకే రెండు చార్టుల్లో 14 అనే ఉన్నా గీతలు కలవవు. చాలామంది సాఫ్ట్‌వేర్ తప్పు అనుకుని తల పట్టుకుంటారు.

మొత్తం కలిపితే

ఇప్పటిదాకా చెప్పింది ఏడు వరుసల్లో సరిపోతుంది. నా నోటు పుస్తకంలో ఇలా రాసుకున్నాను:

మూలం = (హై + లో + క్లోజ్) ÷ 3
పాత = 8, 9, 10 క్యాండిళ్ల కిందటి మూలాల సగటు
జోరు = (మూలం − పాత) ÷ పాత × 100
ఊగు = గత 100 క్యాండిళ్లలో ఒక్కో క్యాండిల్ శాతం మార్పుల స్టాండర్డ్ డీవియేషన్
స్కోరు = జోరు ÷ (ఊగు × వర్గమూలం 9)
గీత = స్కోరు మీద 3 క్యాండిళ్ల ఈఎంఏ
సిగ్నల్ = గీత మీద 5 క్యాండిళ్ల ఈఎంఏ

ట్రేడింగ్‌వ్యూ అనే చార్టుల సైట్ వాడేవాళ్లు చార్ట్‌తో పాటు వచ్చే పైన్ ఎడిటర్ (కోడ్ రాసే చోటు) తెరిచి ఇదే వరుసలో రాసుకోవచ్చు. దాని కోడ్ భాష అయిన పైన్ స్క్రిప్ట్‌లో 2024 నవంబరులో ఆరో వెర్షన్ వచ్చింది, మొదటి వరుసలో ఆ వెర్షన్ చెప్పాలి, తర్వాత ఇది ధర మీద కాకుండా కింద విడి గడిలో గీయాలని చెప్పాలి. ఈఎంఏ, స్టాండర్డ్ డీవియేషన్ లాంటివన్నీ అందులో తయారుగా ఉన్నాయి, పిలిస్తే చాలు. పైన నేను 9, 100, 3, 5 అని అంకెలు వేసిన చోటల్లా అంకె బదులు ఇన్‌పుట్ పెట్టండి, అప్పుడు ఇండికేటర్ సెట్టింగుల్లో అవన్నీ గడులుగా కనబడతాయి, కోడ్ ముట్టుకోకుండా మార్చుకోవచ్చు. నునుపు రకానికి ఒక డ్రాప్‌డౌన్, గోడలు కావాలా వద్దా అనేదానికి ఒక టిక్ పెట్టె. లెంగ్త్, అంటే ఎన్ని రోజుల కిందటితో పోలుస్తామో ఆ 9, మారితే పాత కొసలోని 8, 10 కూడా దానితో పాటే మారాలి, వర్గమూలం లోపలి అంకె కూడా. ఈ రెండూ మర్చిపోయి నేరుగా అంకెలు రాసేస్తే లెంగ్త్ 16 పెట్టినప్పుడు లెక్క పాడవుతుంది, బయటికి మాత్రం ఏ ఎర్రర్ రాదు, అదే ప్రమాదం.

రాసిన తర్వాత షీట్‌తో సరిపోల్చడం తప్పనిసరి. ఏదైనా ఒక షేరు తీసుకుని ఏడాది ధరలు షీట్‌లో వేసి, చివరి ఐదు రోజుల స్కోరు చార్ట్ మీది దానితో కలుస్తోందో లేదో చూడండి. కొద్దిగా తేడా వస్తే కంగారు పడకండి, పైన్‌లో స్టాండర్డ్ డీవియేషన్ మామూలుగా మొత్తం సంఖ్యతో భాగిస్తుంది, షీట్‌లో ఎస్‌టీడీఈవీ అనే ఫార్ములా ఒకటి తక్కువ సంఖ్యతో భాగిస్తుంది. వంద రోజులకి ఆ తేడా అర శాతమే. షీట్‌లో చివర పీ ఉన్న ఎస్‌టీడీఈవీపీ వాడితే అది కూడా పోతుంది.

నా మొదటి వెర్షన్‌లో పదిహేడు ఇన్‌పుట్‌లు ఉండేవి. అది చూసి పలాసలో ఉండే మా బావ, జీడిపప్పు వ్యాపారం చేస్తాడు, ఇలా అన్నాడు: "ఇన్ని మీటలుంటే లాభం చూపించేదాకా ఏదో ఒకటి తిప్పుతూనే ఉంటావు గదా బావా." నిజంగా అదే చేస్తున్నాను. ఇప్పుడు ఆరు మాత్రమే ఉంచాను.

రంగులు కూడా పనికొస్తాయి, అలంకారం అనుకోకండి. గీతని స్తంభాలుగా గీసి, సున్నా పైన ఉండి పెరుగుతుంటే ముదురు పచ్చ, పైన ఉండి తగ్గుతుంటే లేత పచ్చ, సున్నా కింద ఉండి ఇంకా దిగుతుంటే ముదురు ఎరుపు, కింద ఉండి తేరుకుంటుంటే లేత ఎరుపు. లేత పచ్చ వచ్చిందంటే నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి గాని జోరు తగ్గిందని దూరం నుంచే తెలిసిపోతుంది, కొట్లో గిరాకీకి చీర చూపిస్తూ కూడా ఓ చూపు వేయొచ్చు.

డేటాలోనే మురికి ఉంటే

బోనస్, స్ప్లిట్, అంటే కంపెనీ ఊరికే అదనపు షేర్లు ఇవ్వడం, ఒక షేరుని ముక్కలు చేయడం. 2024 అక్టోబరు 28న రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్‌కి ఎక్స్ డేట్ (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి బోనస్ రాదు) అయింది, స్క్రీన్ మీద ధర సగమైంది, ఎవరూ నష్టపోలేదు. ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే భావ్‌కాపీ ఫైళ్లలో ఆ రోజు ధర ఆ రోజుదే ఉంటుంది, పాతవి వెనక్కి సవరించి ఇవ్వరు. అలాంటి డేటా షీట్‌లో వేసుకున్నారంటే జోరు మైనస్ యాభై చూపిస్తుంది, అది తొమ్మిది పది రోజుల్లో పోతుంది గాని, ఊగు లెక్కలో ఆ ఒక్క రోజు వంద రోజుల పాటు కూర్చుని స్కోరుని అణిచిపెడుతుంది. ఏ షేరు మీదైనా ముందు అవి సవరించిన ధరలేనా కాదా చూసుకోండి.

ఇంకోటి గంట క్యాండిళ్ల గురించి. మన మార్కెట్ 9:15 నుంచి 3:30 దాకా, అంటే 375 నిమిషాలు. గంటల లెక్కన కోస్తే ఆరు నిండు క్యాండిళ్లు, చివర పావుగంట ముక్క ఒకటి మిగులుతుంది. ఆ ముక్కని కూడా మన లెక్క ఒక నిండు క్యాండిల్‌గానే చూస్తుంది, ఊగు తగ్గిపోతుంది. 75 నిమిషాలు పెట్టుకుంటే రోజుకి సరిగ్గా ఐదు సమానమైన క్యాండిళ్లు, పావుగంట పెట్టుకుంటే ఇరవై ఐదు.

అలర్ట్ పెట్టేటప్పుడు క్యాండిల్ ముగిశాకే మోగాలని ఎంచుకోండి. నడుస్తున్న క్యాండిల్‌లో క్లోజ్ అంటే ఆ క్షణపు ధరే, స్కోరు పదిసార్లు 2 దాటి పదిసార్లు వెనక్కి వస్తుంది, చివరికి దాటకుండానే ముగియవచ్చు. పెద్ద టైమ్‌ఫ్రేమ్ (వారం క్యాండిల్ లాంటిది) స్కోరుని చిన్న చార్ట్ మీదికి తెచ్చుకునేవాళ్లు అందులో ముగిసిన ముందు క్యాండిల్ విలువే తెచ్చుకోవాలి, లేకపోతే పాత చార్ట్ మీద కనబడేది ఒకటి, లైవ్‌లో జరిగేది ఒకటి అవుతుంది. నా ఆరు వేలు పోయింది ఇలాంటి గుంటలోనే.

చదవడం ఎలా

2 దాటగానే అమ్మేయమని, మైనస్ 2 కి రాగానే కొనేయమని అనుకుంటే చాలా దెబ్బ తింటారు. 2020 మార్చి గుర్తు తెచ్చుకోండి. 12వ తేదీన నిఫ్టీ 9,590 దగ్గర ముగిసింది, అప్పటికే ఏ ఓసిలేటర్ చూసినా 'బాగా పడింది' అనే చెబుతోంది. 23వ తేదీన 7,610. ఆ ఒక్కరోజే పదమూడు శాతం. బాగా పడింది అని కొన్నవాళ్లు ఎనిమిది సెషన్లు కూడా తిరక్కుండా ఇంకో ఇరవై శాతం పోగొట్టుకున్నారు. జోరు విపరీతంగా ఉందంటే ఆ దిక్కులో బలం ఉందని, ఆగిపోతుందని కాదు.

నేను దీన్ని రెండు రకాలుగా చూస్తాను. షేరు 200 రోజుల సగటు పైన ఉంటే, స్కోరు సున్నా కిందికి దిగి మళ్లీ సిగ్నల్ గీతని పైకి కోసినప్పుడు మాత్రమే కొనడం గురించి ఆలోచిస్తాను. సగటు కింద ఉంటే మైనస్ 3 వచ్చినా ముట్టుకోను. రెండోది డైవర్జెన్స్, అంటే ధర కొత్త గరిష్ఠం, స్కోరు మాత్రం పాత శిఖరం కన్నా తక్కువ. అది వస్తే ఉన్నదాంట్లో కొంత తగ్గించి స్టాప్‌లాస్ దగ్గరికి లాగుతాను, అంతకు మించి చేయను. మా తాత జోరు తగ్గిందని నన్ను పడుకోమన్నాడు గాని, అటక మీదికి ఎక్కించిన బియ్యం బస్తాలు ఆ రాత్రి కిందికి దించలేదు. పైన కొండల్లో మళ్లీ వాన పడితే తెల్లారేసరికి జోరు మళ్లీ అందుకుంటుందని ఆయనకి తెలుసు.

డైవర్జెన్స్‌ని కోడ్‌తో పట్టుకోవాలంటే శిఖరం అని తేల్చుకోడానికి దానికి కుడివైపున కొన్ని క్యాండిళ్లు రావాలి, మూడో ఐదో. కాబట్టి గుర్తు కూడా తేలిన చోటే గీయండి, వెనక్కి జరిపి శిఖరం మీద పెట్టకండి. చూడ్డానికి అందం తక్కువ, కానీ నిజం.

పాత డేటా మీద పరీక్ష

2021 చివరి దాకా ఉన్న డేటా మీదే అంకెలు ఎంచుకుని, ఆ తర్వాతి ఏళ్ల మీద ఒక్కసారే పరీక్షించండి. ఆ రెండో ముక్క చూసి మళ్లీ వెనక్కి వచ్చి అంకెలు మార్చారంటే దాన్ని కూడా వాడేసినట్టే, ఇక పరీక్షించడానికి ఏమీ మిగలదు. లెంగ్త్ 9 కి మంచి లాభం, 8 కి 10 కి నష్టం వస్తే ఆ 9 యాదృచ్ఛికం, వదిలేయండి. 7 నుంచి 12 దాకా ఇంచుమించు ఒకేలా ఉంటే దాన్ని కాస్త నమ్మవచ్చు. డెలివరీకి (షేరు మన ఖాతాలోకి తెచ్చుకునేలా) కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను పోతుంది, దాని పైన మిగతా చార్జీలు, నెలకి పది సార్లు అటూ ఇటూ తిరిగేవాళ్లకి ఇదే చాలు లాభం తినేయడానికి, కాబట్టి లెక్కలో కలపకుండా చూసిన ఫలితం చూడనట్టే. ఇక దీన్ని పట్టుకుని ఆప్షన్లలోకి వెళ్లాలనుకునే కుర్రాళ్లు, మా కొట్టుకి వచ్చి అడిగేవాళ్లలో సగం మంది వీళ్లే, 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన లెక్క ఒకసారి చూడండి. 2021–22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్లు, ఆప్షన్లలో) వ్యక్తిగతంగా ట్రేడ్ చేసినవాళ్లలో 93 శాతం నష్టపోయారు, సగటున మనిషికి రెండు లక్షల దాకా. వాళ్లందరి స్క్రీన్ల మీదా ఏదో ఒక ఓసిలేటర్ ఉండే ఉంటుంది.

ఇప్పుడు నా దగ్గర నడుస్తున్నవి: రోజువారీ చార్ట్, లెంగ్త్ 9, ఊగు కిటికీ 100, నునుపు 3, సిగ్నల్ 5, పైన 2 కింద మైనస్ 2, గోడలు లేవు. ఈ అంకెలు చివరిసారి మార్చిన తేదీ షీట్ పైన ఎర్ర అక్షరాలతో రాసి ఉంచాను. ఆరు నెలలు నిండేదాకా వాటిని ముట్టుకోను, మధ్యలో చేయి దురద పెడితే షీట్‌కి ఇంకో కాపీ తీసి అందులో ఆడుకుంటాను.